ఉచితమే... షరతులు వర్తిస్తాయి

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలోని తెలుగు కుటుంబాలకు పాస్ గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. టికెట్ డబ్బులు కట్టకుండానే రైలెక్కొచ్చు. కానీ పాస్‌లో పేరున్నవాళ్లే ఎక్కాలి, గడువులోగా వెళ్లాలి, టీటీఈ అడిగితే చూపించాలి. డబ్బు తీసుకోలేదంటే షరతుల్లేవని కాదు. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఇక్కడ స్థిరపడ్డవారికి అలవాటైన ఈ సంగతి సాఫ్ట్‌వేర్ వ్యాపారంలో చాలామంది తలకెక్కడం లేదు.

ఇదే ఊళ్లోని ఐఐటీలో విద్యార్థులు నడిపే ఖరగ్‌పూర్ ఓపెన్ సోర్స్ సొసైటీ చలికాలంలో ‘ఖరగ్‌పూర్ వింటర్ ఆఫ్ కోడ్’ నిర్వహిస్తూ వస్తోంది. అప్పుడప్పుడే ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న కుర్రకారు ఎవరో మొదలుపెట్టిన ప్రాజెక్టుల్లో తప్పులు దిద్దుతారు, కొత్త సదుపాయాలు చేరుస్తారు. జీతం ఉండదు. అలా రాసిన కోడ్‌ను ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు, చివరికి అమ్ముకోవచ్చు కూడా. రైల్వే పాస్‌తో పోలిక ఇక్కడితో సరి.

అమ్ముకోవచ్చన్నాక ఇక షరతేమిటి? అది లైసెన్స్‌ను బట్టి ఉంటుంది. ఎంఐటీ లైసెన్స్ అయితే కాపీరైట్ ప్రకటననూ లైసెన్స్ పాఠాన్నీ చెరిపేయకుండా ఉంచితే చాలు. జీపీఎల్ మరికాస్త కఠినం. ఆ కోడ్‌తో తయారైన ప్రోగ్రామ్‌ను ఇతరులకిస్తే దాని సోర్స్ కోడ్‌ను కూడా అందుబాటులో ఉంచాలి, వారికీ అవే హక్కులు ఇవ్వాలి, ఆ హక్కులున్నాయని చెప్పాలి. పాటించడానికి పెద్ద ఖర్చేం కాదు. దాచడానికే తంటాలు పడాలి.

ఈ షరతు మీదే జర్మనీలో పెద్ద గొడవ జరిగింది. చదరంగం పోటీలకు తయారయ్యే మన పిల్లలకు హాంబర్గ్‌లోని చెస్‌బేస్ కంపెనీ పేరు కొత్తకాదు. ఆ కంపెనీ 2021 ఫిబ్రవరిలో ‘ఫ్యాట్ ఫ్రిట్జ్ 2’ అనే ప్రోగ్రామ్‌ను విడుదల చేసింది. ధర దాదాపు 100 యూరోలు. అది చాలావరకు స్టాక్‌ఫిష్ అన్న జీపీఎల్ ప్రోగ్రామేనని, కొత్తగా చేర్చింది వేరే న్యూరల్ నెట్‌వర్క్‌ను, కొన్ని చిన్న మార్పులనేనని స్టాక్‌ఫిష్ బృందం ఆరోపించింది. తాము ఉచితంగా ఇస్తున్నదాన్ని అమ్మారని కాదు వారి అభ్యంతరం. కొన్నవారికి వారి హక్కుల సంగతి చెప్పకపోవడం, కొత్త సరుకన్నట్టు ప్రచారం చేయడం. అదే కంపెనీ అంతకుముందు అమ్మిన ‘హుడిని 6’లోనూ తమ కోడ్ ఉందన్నారు.

లైసెన్స్ రద్దయిందని ప్రకటించి, 2021 జూలైలో మ్యూనిక్ కోర్టుకెక్కారు. 2022 నవంబర్‌లో రాజీ కుదిరింది. ఏడాదిపాటు స్టాక్‌ఫిష్ ఉన్న ఉత్పత్తులేవీ చెస్‌బేస్ పంపిణీ చేయకూడదు. లైసెన్స్ షరతులు అమలవుతున్నాయో లేదో చూసేందుకు కంపెనీలో ఒక బాధ్యుణ్ణి నియమించాలి.

చదరంగంలో ప్రోగ్రామ్‌లను నిశితంగా పరిశీలించే డేగకళ్లవాళ్లు ఉన్నారు కాబట్టి ఇది బయటపడింది. అదే ఇంట్లో మూలన మిణుకుమిణుకుమనే వైఫై రౌటర్ సంగతి? అందులో ఎవరి కోడ్ ఉందో డబ్బా విప్పినా కనిపించదు. లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్‌లో లినక్స్ ఉందని ఔత్సాహికులు పసిగట్టి నిలదీస్తే, 2003లో కంపెనీ సోర్స్ కోడ్‌ను బయటపెట్టక తప్పలేదు. ఆ కోడ్ నుంచే ఓపెన్‌వర్ట్ పుట్టింది. తయారీదారు పట్టించుకోవడం మానేసిన రౌటర్లకు సైతం నేడది ప్రాణం పోస్తోంది.

మన 1957 కాపీరైట్ చట్టం దృష్టిలో కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా సాహిత్య రచనే. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఉల్లంఘించినవారిపై నిషేధ ఉత్తర్వులు కోరవచ్చు, నష్టపరిహారం అడగవచ్చు, తెలిసి చేసినట్టు రుజువైతే జైలుశిక్ష కూడా ఉంది. కాగితం మీద ఇదంతా బాగానే ఉంది. కానీ స్టాక్‌ఫిష్‌కు వెనక ఒక సమూహం ఉంది. తన రెండొందల లైన్లు ఎవరో కంపెనీ యాప్‌లో ఉన్నాయని అనుమానం వచ్చిన రెండో ఏడాది విద్యార్థి లాయరు ఫీజు ఎక్కణ్నుంచి తెస్తాడు? సోర్స్ కోడ్ చూపించకుండా మూసిపెట్టిన యాప్‌లో తన లైన్లున్నాయని ఎలా రుజువు చేస్తాడు?

అయితే అతను పైసా ఖర్చు లేకుండా చేసుకోగల పని ఒకటుంది. కోడ్ పక్కన లైసెన్స్ ఫైలు పెట్టడం. చాలామంది అదీ మర్చిపోతారు. ఆ ఫైలు లేని కోడ్ లోకమంతటికీ కనిపిస్తున్నా, దాన్ని తీసుకుని వాడుకునేందుకు చట్టప్రకారం ఎవరికీ అనుమతి లేనట్టే.