గేరుల రొద ఏమి చెప్పుచున్నది?

గేరుల చప్పుడు వాహనపు నలతను ముందుగా తెలుపును. పది పండ్లు గల చక్రము నిమిషమునకు 2400 మార్లు తిరిగినచో, సెకనుకు 400 పర్యాయములు పన్ను పంటిని తాకును. ఆ తాకిడియే సన్నని ఊళవలె వినవచ్చును. వేగముతోపాటు దాని శ్రుతియు హెచ్చును.

కొన్ని పరీక్షలు శ్రోతలే చేయవచ్చును. బండిని నిలిపి, న్యూట్రల్‌లో ఇంజనును నడువనిండు. క్లచ్చి నొక్కగానే గరగర ఆగినచో గేరుపెట్టెలోని బేరింగును అనుమానింపవలెను. వెనుక చక్రములతో నడచు కారు బయలుదేరునపుడు ‘టక్కు’ మన్నచో, పొడవాటి షాఫ్టు కీళ్ళు అరిగియుండవచ్చును. ఆక్సిలరేటరు నొక్కినపుడు ఒక తీరున, వదలినపుడు వేరొక తీరున ఊళ వినిపించినచో వెనుక ఇరుసు గేరుల పండ్లు సరిగా పొసగకుండవచ్చును.

మొదట నూనె మట్టము చూడవలెను. పిదప పండ్లకు రంగు పూసి త్రిప్పినచో అవి ఎచట ఒరయుచున్నవో మెకానిక్కునకు తెలియును. ఇరుసు గేరులు మార్చునెడల జతగానే మార్చవలెను.

పూర్వము పాత బండ్లు అమ్మువారు కొందరు గేరుపెట్టెలో రంపపు పొట్టు పోసి రొద అణచెడివారు. లోపలి అరుగుదల మాత్రము సాగుచునే యుండెడిది. పాత బండిని కొనబోవువారు గేరు నూనెను వ్రేళ్ళ నడుమ నలిపి చూచుకొనుట మేలు.