పాస్‌వర్డ్ కరెక్టే... మరి లాగిన్ ఎందుకవట్లేదు?

పొద్దున్నే ఆఫీసుకెళ్లి సిస్టమ్ ఆన్ చేస్తారు. రోజూ కొట్టే పాస్‌వర్డే కొడతారు. 'తప్పు' అంటుంది. మళ్లీ కొడతారు. మళ్లీ అదే మాట! ఇక్కడ ఆగిపోండి. చాలా ఆఫీసుల్లో వరసగా కొన్నిసార్లు తప్పు పడితే అకౌంటే లాక్ అయిపోతుంది.

ఇంట్లో వాడే ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్ సాధారణంగా ఆ మెషీన్‌లోనే ఉంటుంది. ఆఫీసులో, కాలేజీ ల్యాబ్‌లో అలా కాదు. అందరి అకౌంట్లూ కలిపి ఒక సర్వర్‌లో ఉంటాయి. దాన్నే డైరెక్టరీ అంటాం. విండోస్ 2000తో వచ్చిన యాక్టివ్ డైరెక్టరీ అలాంటిదే. మీరు ఎంటర్ కొట్టగానే సిస్టమ్ అక్కడికెళ్లి 'ఈయన మనవాడేనా?' అని అడుగుతుంది. ఆ దారిలో ఎక్కడ తేడా వచ్చినా తిట్లు తినేది మాత్రం పాస్‌వర్డే.

పక్క సీటులో చూడండి

నేను మొదట చేయించేది ఇదే. అదే అకౌంట్‌తో పక్క సిస్టమ్‌లో లాగిన్ అయితే అకౌంట్ బాగున్నట్టే. తేడా మీ మెషీన్‌లో ఉంది. అక్కడా అవకపోతే అకౌంట్‌నో, సర్వర్‌నో చూడాలి.

ఓ నెలాఖరున మా అకౌంట్స్ మేడమ్‌కి ఇలాగే అయింది. సాయంత్రంలోగా జీతాల ఫైలు బ్యాంకుకు వెళ్లాలి. అది ఆవిడ డెస్క్‌టాప్‌లోనే ఉంది. పక్క సీటులో లాగిన్ అయ్యారు, సొంత సీటులో కాలేదు. ఆ ఉబుంటు మెషీన్‌లో చూస్తే టైమ్ ఎప్పటిదో చూపిస్తోంది! మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయింది. లాగిన్‌ని సరిచూసే కెర్బెరోస్ మామూలుగా 5 నిమిషాల తేడా వరకే ఒప్పుకుంటుంది. టైమ్ సరిచేశాం, లాగిన్ అయింది. అందరి జీతాలూ టైమ్‌కి పడ్డాయి. బ్యాటరీ మర్నాడు మార్చాం.

ఇవీ చూసుకోండి

* కేబుల్ ఊడిందా, వైఫై కలిసిందా? ఆ మెషీన్‌లో ఎప్పుడూ లాగిన్ అవని కొత్తవాళ్లకు నెట్‌వర్క్ లేకపోతే పని జరగదు.
* ఇంట్లో ఆఫీసు ల్యాప్‌టాప్ పాత పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుంటోందా? కంగారొద్దు. అది గుర్తుపెట్టుకున్న పాతదాన్నే చూస్తోంది.
* పాస్‌వర్డ్ మార్చాక అకౌంట్ పదేపదే లాకవుతోందా? ముందు మీ ఫోన్ చూడండి. ఆఫీసు మెయిల్ యాప్ పాత పాస్‌వర్డ్‌తోనే తలుపు కొడుతూ ఉండొచ్చు.
* క్యాప్స్‌లాక్, కీబోర్డు భాష... నవ్వకండి, ఇవీ చూడాలి.

అప్పటికీ కాకపోతే ఐటీ వాళ్లకు 'పనిచేయట్లేదు' అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. ఏ సిస్టమ్, ఎన్ని గంటలకు, స్క్రీన్ మీద ఏం వచ్చింది... ఈ మూడూ చెప్పండి. ఫోన్‌తో ఫొటో తీసి పంపితే ఇంకా మేలు. పాస్‌వర్డ్ మాత్రం వాళ్లకి కూడా చెప్పొద్దు. మా పనికి దాంతో అవసరమే ఉండదు!