ఆజ్ఞకు అందని సాయం

కొత్తగా చేరిన గుమాస్తాకు పక్క బల్ల వద్ద కూర్చున్న పాత గుమాస్తా ఫైలు నడిపే పద్ధతి నేర్పుతాడు. సెలవులో ఉన్న అధ్యాపకుని తరగతిని మరొకరు తీసుకుంటారు. ఇవి ఏ ఉద్యోగ నిబంధనలలోనూ కనిపించవు. చేయకపోతే సంజాయిషీ అడిగేవారూ ఉండరు. అయినా ఇవి లేనినాడు ఏ కార్యాలయమూ సాఫీగా నడవదు. సమ్మె చేయకుండానే యాజమాన్యాన్ని ఇరుకున పెట్టదలచిన కార్మికులు ‘నిబంధనల ప్రకారమే పని చేస్తాము’ అనడం అందుకే! ఈ ఐచ్ఛిక సహాయ గుణాన్ని 1983లో అమెరికాలో డెనిస్ ఆర్గన్ ప్రభృతులు ‘సంస్థాగత పౌరవర్తనం’ అన్నారు.

మరి ఇట్టి సాయాన్ని పై అధికారి పుట్టించగలడా? ఈ ప్రశ్నకు మన మెతుకుసీమ వారు పుస్తకాలు వెదకనక్కరలేదు. నిజాం పాలనలో దేశ్‌ముఖుల గడీలలో ఊరివారు చేసిన వెట్టి కూడా కూలి లేని పనియే. పైపైన చూచువారికి రెండూ ఒకటిగానే తోచవచ్చు. కాని వెట్టిలో కాదనే స్వేచ్ఛ లేదు. కనుక ఆ మనిషి చెప్పినంత మేరకే చేస్తాడు; చెప్పనిది కళ్లెదుట చెడిపోతున్నా నోరు విప్పడు. సాయంత్రం వేళ దాటినా కుర్చీ వదలని వారినే మంచి ఉద్యోగులని లెక్కించే నేటి అధికారుల ధోరణి మాకు వెట్టికి దగ్గరగానే కనిపిస్తున్నది.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ శ్రీహరికోటలో ఉన్నది. 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు ప్రయోగం విఫలమై బంగాళాఖాతంలో పడిపోయింది. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం. కాని పత్రికల వారి ఎదుట బాధ్యతను తనపై వేసుకున్నవారు ఇస్రో అధ్యక్షులు సతీశ్ ధావన్. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలో చేరింది. ఆనాడు మాత్రం పత్రికల వారితో మాట్లాడమని ధావన్ కలాంనే పంపారు. కలాం ఈ ముచ్చటను తరువాతి కాలంలో పలు సభలలో చెప్పారు.

దీనిని ధావన్ గారి ఔదార్యమని సరిపెట్టుకుంటే అసలు విషయం తప్పిపోతుంది. తప్పు బయటపడినా పై అధికారి తనను బలిపెట్టడని తెలిసినప్పుడే మనిషి తన లోపాన్ని దాచక సాయం అడుగుతాడు. పక్కవాని పనిలోని లోపాన్ని సకాలంలో చెప్పగలుగుతాడు. ఉత్తేజపరచే నాయకత్వం ఈ సహాయ గుణాన్ని నేరుగా గాక, నాయకునిపై కలిగే నమ్మకం ద్వారా పెంచుతుందని ఫిలిప్ పోడ్సకాఫ్ ప్రభృతులు 1990లో తేల్చినదీ ఇదే.

అయితే మంచి అధికారి వద్దనూ ఒక చిక్కు ఉన్నది. సాయం చేసే గుణమున్న ఒక్క గుమాస్తా బల్లమీదికే నలుగురి ఫైళ్లు చేరుతాయి. సంవత్సరాంతపు నివేదికలో మాత్రం ఆ నలుగురికీ, అతనికీ ఒకే మాట వ్రాయబడుతుంది.