బొమ్మను మోయు తీగ

పండుగ దినములలో పట్టణపు అంగడివీథిని నిలుచుండి చూచినవారికి ఒక దృశ్యము తరచుగా కానవచ్చును. ఒక గృహస్థు ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతో పెద్ద టెలివిజను కొనును. బేరము ముగిసి రసీదు వ్రాయబోవు వేళ అంగడివాడు లోపలినుండి ఒక చిన్న పెట్టెను తెచ్చి ముందుంచును. అందులో నల్లని వల తొడిగిన లావుపాటి కేబులు. దాని రెండు కొనలకును బంగారు పూత. "ఇంత ఖరీదైన టీవీకి మామూలు వైరు పెడితే బొమ్మ ఏం బాగుంటుందండీ?" అని అతడనును. ఆ మాట గృహస్థుని మనస్సున గ్రుచ్చుకొనును. అంత వెచ్చించి ఇంత దగ్గర లోభించుట యేల యని తలచి ఆ పెట్టెను గూడ చంకన బెట్టుకొనును. దానికి చెల్లించిన సొమ్ముతో ఇంటి పిల్లవానికి ఏడాది పుస్తకములు వచ్చియుండెడివేమో! ఆ లెక్క ఆ వేళ ఎవరికిని తోపదు.

అంగడివాని మాటలో నిజమెంత? ఒకప్పుడు అది నిస్సంశయముగా సత్యము. కాలము మారినది; యంత్రము మారినది; తీగలో ప్రవహించు వస్తువే మారినది. మాట మాత్రము మారలేదు. పాత సత్యము క్రొత్త యంత్రమునకు వర్తించునా, లేదా యని విచారింపనివాడు రెండు విధముల నష్టపోవును. అక్కర లేనిచోట అధికముగా చెల్లించును. అక్కర యున్నచోట నాసిరకపు సరకు కొని చిక్కుల పాలగును.

సముద్రము నేర్పిన పాఠము

తీగల మంచిచెడ్డలను గూర్చిన విచారణ టెలివిజనుకంటె మిక్కిలి పురాతనమైనది. 1858లో ఐర్లండునకును ఉత్తర అమెరికాలోని న్యూఫౌండ్లండునకును నడుమ అట్లాంటిక్ సముద్రగర్భమున తంతితీగ నొకదానిని పరచిరి. ఆగస్టు 16వ తేదీన విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడు బుకానన్‌కు పంపిన 98 మాటల సందేశము ఆ తీగమీదుగా చేరుటకు సుమారు 16 గంటలు పట్టినది. ఒడ్డున మీట నొక్కగనే విద్యుత్తు బాణమువలె ఆవలి యొడ్డునకు దూసికొని పోలేదు. ఇసుకలో ఇంకు నీటివలె మెల్లగా వ్యాపించి, ఒక గుర్తు మరియొక గుర్తుతో కలిసిపోయినది.

విలియం థామ్సన్ అను శాస్త్రజ్ఞుడు ఈ చిక్కును ముందుగనే గణించి చెప్పియుండెను. తీగ పొడవు రెట్టింపైనచో ఆలస్యము నాలుగు రెట్లగునని ఆయన సిద్ధాంతము. లోపలి రాగి మరింత లావుగను, శుద్ధముగను ఉండవలెననియు, దానిచుట్టు తొడుగు దళసరిగా నుండవలెననియు ఆయన వాదించెను. కంపెనీవారి విద్యుత్ నిపుణుడైన వైట్‌హౌస్ ఆ మాటను లక్ష్యపెట్టక, అప్పటికే లోపములున్న ఆ తీగలోనికి సుమారు 2,000 వోల్టుల ఒత్తిడితో సందేశములను త్రోయజూచెను. కొండనాలుకకు మందు వేయగా ఉన్న నాలుక ఊడినట్లు, కొలది వారములలోనే తీగ మూగవోయినది. 1866లో గ్రేట్ ఈస్టర్న్ నౌక పరచిన తీగ లావైన రాగితో తయారైనది. అది నిలిచి పనిచేసినది. తీగ నాణ్యత అనునది వర్తకుని కల్పన కాదనియు, కొలతకు లోబడు భౌతిక ధర్మమనియు లోకమున కప్పుడు రుజువైనది. ఆ థామ్సనే పిమ్మట కెల్విన్ ప్రభువుగా ప్రసిద్ధి కెక్కెను.

నీడలాడిన బొమ్మ

భారతదేశమున 1982లో రంగుల టెలివిజను ప్రవేశించిన పిమ్మట, వీడియో యంత్రములు ఇండ్లలో అడుగిడిన దినములలో, యంత్రమును టెలివిజనుతో కలిపినది పసుపుపచ్చని మొన గల తీగ. ఎరుపు, తెలుపు మొనల తీగలు ధ్వనిని మోయగా, బొమ్మ యావత్తు ఆ పసుపు తీగలోనే అలరూపమున ప్రయాణించెడిది. అలయొక్క ఎత్తుపల్లములే తెరమీది వెలుగునీడలు. కావున దారిలో ఆ అలకు కలిగిన ప్రతి వికారమును తెరపై కనబడెడిది. నాసిరకపు తీగ సూక్ష్మమైన అలలను ముందుగా హరించెడిది. బొమ్మ అంచులు మసకబారెడివి. ఆ తీగకు 75 ఓముల అవరోధము విధింపబడినది. ఆ కొలత తప్పిన తీగ పొడవుగా నున్నప్పుడు, అల కొంత వెనుకకు మరలి, అసలు బొమ్మ ప్రక్కన నీడబొమ్మను నిలిపెడిది. ఇరుగుపొరుగు విద్యుత్ తీగల రొద తెరపై చారలుగా ప్రాకెడిది. లోపలి తీగచుట్టు అల్లిన రాగివల దట్టముగా నున్నచో ఆ బాధ తగ్గెడిది.

అందుచేత ఆ కాలమున మంచి తీగకు కొంత హెచ్చు వెల యిచ్చినవాడు దాని ఫలమును కన్నులార చూచెను. పాఠశాలలలోని పాత ప్రొజెక్టరులకు తగిలించు 15 సూదుల వీజీఏ తీగ కూడ ఈ జాతికి చెందినదే. గోడమీది అక్షరముల ప్రక్కన నీడలు కనబడినచో ఉపాధ్యాయుడు ముందుగా అనుమానింపవలసినవానిలో ఆ తీగ యొకటి.

ఎక్కములు వల్లించు తీగ

2002 డిసెంబరులో జపాను, ఐరోపా, అమెరికాలకు చెందిన ఏడు సంస్థలు కలిసి హెచ్‌డీఎమ్‌ఐ అను పద్ధతిని ప్రకటించినవి. నేడు సెట్‌టాప్ బాక్సునుగాని, ఆటల యంత్రమునుగాని టెలివిజనుతో కలుపు 19 సూదుల తీగ దానిదే. బొమ్మయు ధ్వనియు ఆ యొక్క తీగలోనే పోవును. అయితే ఇందు బొమ్మ అలగా పోదు, అంకెలుగా పోవును. సున్న, ఒకటి అను రెండే గుర్తులు. తక్కిన దంతయు వాని కూర్పే.

ఈ భేదమును తరగతి గదిలో సులభముగా తెలుపవచ్చును. ఒక బాలిక పద్యము పాడుచున్నదనుకొందము. గొంతు బొంగురుపోయినచో పద్యపు సొగసు తగ్గును. వినువారికి అది వెంటనే తెలియును. అదే బాలిక ఎక్కము వల్లించుచు "ఏడెనిమిదులు ఏబదియారు" అన్నచో, గొంతు తియ్యనిదైనను, బొంగురుదైనను సమాధానము 56 మాత్రమే. తియ్యని గొంతుతో చెప్పినంత మాత్రమున అది మరింత మంచి 56 కాబోదు. పసుపు తీగ పద్యము పాడినది. హెచ్‌డీఎమ్‌ఐ తీగ ఎక్కము వల్లించుచున్నది. అంకె సరిగా అందినంతవరకు వెల హెచ్చైన తీగయు, వెల తక్కువ తీగయు ఒకే బొమ్మను చూపును. ఎరుపు మరింత ఎరుపెక్కదు. నలుపు మరింత చిక్కపడదు.

అంకె సరిగా అందకున్నచో నేమగును? తరగతిలో గోల మితిమీరినప్పుడు ఏబదియారు అరువదియారుగా వినబడినట్లు, తెరపై అక్కడక్కడ చుక్కలు మిలమిల మెరయును, బొమ్మ క్షణకాలము మాయమై మరల వచ్చును, ధ్వని తెగిపోవును, లేదా తెర పూర్తిగా నల్లబడును. తీగ చాలకున్నప్పటి లక్షణములు ఇవియే. బొమ్మ కొంచెము వెలవెలబోవుట, రంగులు పలుచబడుట తీగ దోషములు కావు. వానికి కారణమును టెలివిజను అమరికలో వెదకవలెను.

ఎంత బరువునకు ఎంత తీగ

తీగ యేదైన నొకటే యని దీనినిబట్టి తీర్మానించుటయు పొరపాటే. అంకెలను మోయుటలో వేగమున కొక హద్దు కలదు. ఒక చిన్న గుణకారముచే దానిని గ్రహింపవచ్చును. సాధారణమైన హెచ్‌డీ తెర అడ్డముగా 1,920, నిలువుగా 1,080 చుక్కలు గలది; మొత్తము 20,73,600 చుక్కలు. చుక్క కొకటికి 24 బిట్లు, సెకనుకు 60 బొమ్మలు అనుకొన్నచో సెకనుకు దాదాపు 300 కోట్ల బిట్లు. 4కే అను తెరలో చుక్కలు 82,94,400. అనగా సరిగా నాలుగు రెట్లు. బొమ్మల నడుమ విరామములను, సంకేత నియమములు కోరు అదనపు బిట్లను కలుపగా, 4కే బొమ్మలు సెకనుకు 60 చొప్పున పోవుటకు 1,782 కోట్ల బిట్లు అవసరమగును.

ఈ భారమునుబట్టియే తీగలను వర్గములుగా విభజించిరి. హై స్పీడ్ వర్గపు తీగ సెకనుకు 1,020 కోట్ల బిట్లను మోయును. సాధారణ హెచ్‌డీ బొమ్మకు అది చాలును. ప్రీమియం హై స్పీడ్ 1,800 కోట్లను మోయును. 4కే బొమ్మలు సెకనుకు 60 చొప్పున పోవుటకు అది తగినది. అల్ట్రా హై స్పీడ్ 4,800 కోట్లను మోయును; సెకనుకు 120 బొమ్మలు చూపు ఆటల యంత్రములకు అది కావలెను. 2025లో 9,600 కోట్లను మోయు అల్ట్రా 96 అను వర్గముగూడ ఏర్పడినది. సామాన్య గృహమునకు ఇప్పట్లో దాని అవసరము కానరాదు.

కొనువాడు చూడవలసినది ఈ వర్గము పేరు. ప్రీమియం, అల్ట్రా వర్గముల తీగల పెట్టెపై పరీక్షలో నెగ్గినట్లు తెలుపు ముద్ర యొకటి అతికించియుండును. చేతిలోని ఫోనుతో దానిని చదివించి అసలో నకిలీయో తేల్చుకొనవచ్చును. ఆ ముద్ర లేక, కేవలము '8కే', 'అల్ట్రా' అను పెద్ద అక్షరములతో వచ్చు పెట్టెలు పైన పటారము, లోన లొటారము కావచ్చును.

ఇంటిలోని యంత్రమేదో ముందుగా తెలిసికొనుట మరింత ముఖ్యము. సెట్‌టాప్ బాక్సు హెచ్‌డీ బొమ్మను మాత్రమే పంపునదైనచో, దానికి అల్ట్రా హై స్పీడ్ తీగ తగిలించుట బిందెడు నీళ్లకు ఏనుగును కట్టుటవంటిది. పెట్టెతోపాటు వచ్చిన తీగయే అట్టిచోట చాలును.

పొడవు, లావు, పూత

థామ్సన్ చెప్పిన రెండు సంగతులు నేటికిని చెల్లుచున్నవి. మొదటిది పొడవు. మూడు, నాలుగు అడుగుల తీగలో అంకెలు చెడుట అరుదు. గదికి ఈ మూలనుండి ఆ మూలకు, లేదా తరగతి పైకప్పున వ్రేలాడు ప్రొజెక్టరునకు తీగ పోవలసివచ్చినచో చిక్కు మొదలగును. రెండవది రాగి లావు. తీగపై ఏడబ్ల్యూజీ అను అక్షరముల ప్రక్కన అంకె యుండును. ఆ అంకె తగ్గినకొలది రాగి లావగును. 28 కంటె 24 లావైనది. దూరమునకు లావు తీగ, దగ్గరకు సన్నని తీగ తగును. మిక్కిలి దూరమునకు రాగికి మారుగా గాజుపోగులలో వెలుగురూపమున అంకెలను పంపు తీగలు కలవు. వానికి దిశ యుండును. యంత్రమునకు తగిలించు కొన యేదో, తెరకు తగిలించు కొన యేదో వానిపై వ్రాసియుండును. తారుమారైనచో బొమ్మ రాదు. గోడలోనుండి తీగను పోనిచ్చువారు ముందుగా దానిని బయటనే తగిలించి ఒక పూట పరీక్షించుట వివేకము.

ఇక బంగారు పూత. బంగారము త్రుప్పు పట్టదు. సముద్రతీరపు తేమగాలిలో సూదులు చెడకుండ కాపాడును. అది మన్నికకు సంబంధించిన గుణము. బొమ్మకు సంబంధించినది కాదు. ఆ పూత మిక్కిలి పలుచనిదగుటచే చౌక తీగలకును ఉండును. కొన గట్టిగా అతుకుట, వంచినచోట చీలకుండుట, కుదుటున వదులు లేకుండుట, పాడైనచో మార్చి యిత్తుమను హామీ యుండుట: హెచ్చు వెల యిచ్చువాడు వీనిని చూచి యియ్యవచ్చును.

తరగతిలో ఒక పరీక్ష

ఈ విషయమున అంగడివానిని నమ్మనక్కర లేదు. పత్రికను నమ్మనక్కరయు లేదు. రెండు తీగలను, ఒకటి చౌకది, మరియొకటి ఖరీదైనది, ఒకే పొడవు గలవానిని తీసికొని టెలివిజను వెనుకభాగమును గుడ్డతో కప్పవలెను. ఒక విద్యార్థి నాణెము నెగురవేసి, బొమ్మ పడినచో ఒక తీగను, బొరుసు పడినచో రెండవదానిని తగిలించి కాగితముపై వ్రాసికొనవలెను. అతడు ఎవరికిని కనబడరాదు. మరియొక విద్యార్థి తెర ముందు కూర్చుండి, ఒకే చిత్రభాగమును చూచి, ఏ తీగయో చెప్పవలెను. ఇట్లు పది పర్యాయములు చేయవలెను.

ఊరక ఊహించి చెప్పువానికి సగటున ఐదు సరిపోవును. పదింట తొమ్మిదిగాని, పదిగాని ఊహమాత్రమున సరిపడుట 1,024 పాళ్లలో 11 పాళ్లు మాత్రమే సంభవము. కావున తొమ్మిది సరిపోయినచో తేడా యున్నదని గట్టిగా అనుమానింపవచ్చును. ఐదారు సరిపోయినచో కంటికి తేడా కనబడినదనుటకు ఆధారము లేదు. నాణెము, గుడ్డ, కాగితము తప్ప ఈ పరీక్షకు వేరు సామగ్రి అక్కర లేదు. భౌతికశాస్త్రమును, సంభావ్యతా గణితమును, చూచినదానిని చూచినట్లు వ్రాయు నిజాయితీని ఒక్క గంటలో నేర్పుటకు ఇంతకంటె సులభమైన సాధనము దొరకుట కష్టము.

అంగడివీథిలోని గృహస్థు మరల ఒకనాడు ఆ మెట్లెక్కవచ్చును. అంగడివాడు మరల ఆ చిన్న పెట్టెను తెచ్చును. ఈ మారు ఆయన వెంట పదవ తరగతి చదువు కుమార్తె యుండి, "ఏ వర్గముదండీ? ముద్ర ఏది? మన పెట్టె పంపేది హెచ్‌డీయేగా నాన్నా, ఇంట్లో ఉన్న వైరు చాలదా?" అని యడిగినచో, పుస్తకముల సొమ్ము పుస్తకములకే మిగులును.