మెరుపుల లెక్క తీసిన ఓమీ

మెరుపు మెరిసిన దారిలో గాలి దాదాపు 30,000 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కుతుంది. ఆ వేడికి నైట్రోజన్, ఆక్సిజన్ అణువులు విడిపోయి నైట్రిక్ ఆక్సైడ్‌గా కలుస్తాయి. అందులో కొంత ఓజోన్‌తో కలిసి నైట్రోజన్ డయాక్సైడ్ అవుతుంది. మేఘాల ఎత్తులో ఈ రెండు వాయువుల వల్ల కొత్త ఓజోన్ పుడుతుంది. అక్కడి ఓజోన్ భూమిని వేడెక్కిస్తుంది కాబట్టి ఒక్కో మెరుపు వాటా ఎంతో తేల్చాలి.

ఆ పనికి అక్కరకొచ్చిన యంత్రం ఓమీ, అంటే ఓజోన్ మానిటరింగ్ ఇన్‌స్ట్రుమెంట్. నెదర్లాండ్స్, ఫిన్లాండ్ దేశాలు దీన్ని తయారుచేశాయి. 2004 జులై 15న నాసా ఆరా ఉపగ్రహంతో పాటు కక్ష్యకు చేరింది. నిజానికి ఇది మెరుపుల కోసం పుట్టలేదు. ఓజోన్ పొరనూ, నగరాల కాలుష్యాన్నీ గమనించడమే దీని పని. భూమి నుంచి తిరిగొచ్చే ఎండను రంగులుగా విడదీస్తుంది. నైట్రోజన్ డయాక్సైడ్ ఊదా, నీలం కాంతిని పీల్చుకుంటుంది. ఆ రంగులు తగ్గినదాన్ని బట్టి వాయువు పరిమాణం తెలుస్తుంది. 1995లో వెళ్లిన ఇలాంటి పరికరం గోమ్ ఒక్కో కొలతలో 40×320 కిలోమీటర్ల నేలను చూసేది. ఓమీ తన కిందున్న 13×24 కిలోమీటర్లను విడిగా చూడగలిగింది.

అయినా చిక్కు తీరలేదు. ఓమీ ఒక్కో చోటి మీదుగా మధ్యాహ్నం రెండు గంటల లోపే దాటిపోయేది. ఒక్క ఉరుముల మేఘంలో దొరికే జాడ బలహీనం. పాత వాయువు, గాలి కొట్టుకొచ్చిన వాయువు అందులో కలిసిపోతాయి. అందుకే శాస్త్రజ్ఞులు మేఘాలను గుంపులుగా చేర్చి సగటు తీశారు. మామూలుగా ఉపగ్రహాలకు అడ్డొచ్చే దట్టమైన మేఘం ఇక్కడ మేలే చేసింది: కింది ఊళ్ల పొగను కప్పేసింది.

వారిలో ఎరిక్ బుసెలా బృందం 2007 నుంచి 2011 వరకు ఐదు వేసవుల ఓమీ కొలతలను, మెరుపుల రేడియో తరంగాలను నేల మీద పట్టే కేంద్రాల లెక్కలతో జోడించింది. ఉత్తర అమెరికా, ఐరోపా, తూర్పు ఆసియాల మేఘాలన్నిటినీ కలిపితే మెరుపుకు సగటున 180 మోల్‌ల నైట్రోజన్ ఆక్సైడ్లు తేలాయి. నైట్రోజన్ బరువుగా చూస్తే సుమారు రెండున్నర కిలోలు. అయితే 100 మోల్‌లు అటూ ఇటూ ఉండొచ్చు. మెరుపుల జోరును బట్టి మేఘాలను విడదీస్తే మరో సంగతి బయటపడింది: గంటకు మెరుపులు పెరిగేకొద్దీ ఒక్కో మెరుపు వాటా తగ్గుతోంది.

ఓమీ తర్వాత 2017లో ట్రోపోమీ అనే పరికరం మరింత నిశితమైన చూపుతో వెళ్లింది. 2023లో వెళ్లిన మరో పరికరం టెంపో ఉత్తర అమెరికాను పగటిపూట గంటగంటకూ చూస్తోంది. మేఘం ఎదిగే తీరును వెంబడించే వీలు దాంతో వచ్చింది. మెరుపుకింత అని ఒకే అంకె వేసి ప్రపంచ లెక్క కడితే మాత్రం సరిపోదు.