గేటు టికెట్టు తీసేస్తే ఏం మిగులుతుంది?

నైరోబీలో కాపురం ఉన్నవాళ్ళకి జూన్ నెల వస్తే చాలు, ఫోనునిండా కొటేషన్లే. రాజమండ్రి నుంచి, హైదరాబాదు నుంచి, డల్లాస్ నుంచి కూడా వస్తాయి. "మసాయి మారాకి మూడు రోజులకి ఇంత అడుగుతున్నాడు, ఎక్కువా తక్కువా చెప్పు" అని. నాది పద్దులు రాసే ఉద్యోగం. అందుకని కొటేషను మీద ఉన్న సింహం బొమ్మ వదిలేసి కిందనున్న అంకెల మీదికి పోతుంది చూపు.

విదేశంలో మోసం అనగానే మనవాళ్ళకి బజారే గుర్తొస్తుంది. పూసల దండకి 1000 షిల్లింగులు చెప్పాడు, 400కి దింపాను అని రాత్రి భోజనాల దగ్గర గొప్పగా చెప్పుకుంటారు. 1000 షిల్లింగులంటే ఏడొందల రూపాయలకి అటూ ఇటూ. అదే మనిషి, తలకి పాతిక ముప్ఫై వేల తేడా వచ్చే కొటేషన్ని పైపైన చూసి అడ్వాన్సు పంపేస్తాడు. అసలు డబ్బు ఆఫ్రికాలో పోదు. విమానం ఎక్కకముందే, ఇంట్లో సోఫాలో కూర్చునుండగానే పోతుంది.

దీనికి మందు ఒకటే. కొటేషను లోంచి గేటు టికెట్టు తీసేసి, మిగిలిందేమిటో చూడటం.

మారా రిజర్వులోకి వెళ్ళే రుసుము ఏజెంటు పెట్టేది కాదు, నారోక్ కౌంటీ ప్రభుత్వం పెట్టేది. 2024 నుంచి విదేశాల నుంచి వచ్చిన పెద్దవాళ్ళకి జనవరి మొదలు జూన్ దాకా రోజుకి 100 డాలర్లు, జూలై మొదలు డిసెంబరు దాకా 200 డాలర్లు. రోజు అంటే 24 గంటలు కాదు. పొద్దున్న 6 నుంచి సాయంత్రం 6 వరకే. రిజర్వు లోపల బస చేసినవాళ్ళు ఆఖరి రోజున 10 గంటల లోపు గేటు దాటాలి, ఆలస్యమైతే ఇంకో టికెట్టు. ఈ డబ్బులో ఎవడూ మనకి తగ్గించగలిగింది ఏమీ లేదు. తగ్గించానని చెప్పాడంటే ఇంకెక్కడో కోస్తున్నాడన్నమాట.

మా బాబాయి పంపిన కొటేషను చూద్దాం. ఆగస్టులో మూడు పగళ్ళు, రెండు రాత్రులు. బాబాయి, పిన్ని, కొడుకు, కోడలు. తలకి 450 డాలర్లు, "అన్నీ కలిపి".

"చాలా చవగ్గా ఇచ్చాడే అమ్మడూ. మన తెలుగువాడే. వాళ్ళ తోడల్లుడిది మన పక్క ఊరే" అన్నాడు ఫోనులో.

"బాబాయ్, ఆగస్టులో రెండు రోజుల టికెట్టే తలకి 400. మిగిలింది 50. నలుగురికీ కలిపి 200. ఆ 200తో మూడు రోజులు బండి, డీజిలు, డ్రైవరు, రెండు రాత్రులు గదులు, నలుగురి తిండి. వాడు మీకోసం సొంత పొలం అమ్ముతున్నాడా?"

అవతల కాసేపు మాట లేదు.

నాకు తెలిసిన మేరకు ఇక్కడ ల్యాండ్ క్రూజరు, డ్రైవరుతో, డీజిలుతో రోజుకి 200 డాలర్లకి అటూ ఇటూ పడుతుంది. మూడు రోజులకి 600, అంటే తలకి 150. ఓ మాదిరి డేరా క్యాంపులో తిండితో కలిపి మనిషికి రాత్రికి 100 అనుకున్నా రెండు రాత్రులకి 200. టికెట్టుతో కలిపి 750 దగ్గర తేలుతుంది, అదీ ఏజెంటుకి ఏమీ మిగలకుండా. మరి 450కి ఎలా ఇస్తున్నాడు? కొటేషను అడుగున, సింహం తోక దగ్గర, చిన్న అక్షరాల్లో ఉంది జవాబు. "పార్కు రుసుము గేటు దగ్గర చెల్లించవలెను."

ఇది ఒక పద్ధతి. ఇంకో పద్ధతిలో టికెట్టు ఒక్క రోజుకే కొంటారు. రెండో రోజు బండి గేటు లోపలికి వెళ్ళదు, బయట ఊళ్ళ చుట్టూ తిప్పుతారు. అక్కడా జీబ్రాలుంటాయి, జిరాఫీలుంటాయి. కొత్తవాళ్ళకి తేడా తెలీదు. మూడో పద్ధతిలో "మీకోసం ప్రత్యేక వాహనం" అన్నది నైరోబీలో ఎక్కేసరికి ఏడుగురు కూర్చునే వ్యానై, అందులో అప్పటికే ముగ్గురు ముక్కూమొహం తెలియనివాళ్ళు ఉంటారు. అందుకే ఈ నాలుగు ప్రశ్నలూ నోటితో కాదు, రాతలో అడగమంటాను. టికెట్టు ఎన్ని రోజులకి? బండి ఏ రకం, అందులో మేము తప్ప ఇంకెవరు? క్యాంపు పేరేమిటి? అది గేటుకి లోపలా, బయటా?

ఆఖరి ప్రశ్న చాలామంది అడగరు. తలెక్, సెకెనాని గేట్ల బయట చవక క్యాంపులు బోలెడున్నాయి. వాటిలో తప్పేమీ లేదు, మాకు బాగా నచ్చినవీ ఉన్నాయి. కానీ బయట పడుకున్నవాళ్ళు లోపలికి వెళ్ళిన ప్రతి రోజుకీ కొత్త టికెట్టు కొనాలి. ఆఖరి రోజు పొద్దున్న ఓ రెండు గంటలు తిరిగొద్దామన్నా జూలై తరవాత 200 డాలర్లు. మొదటి రోజూ అంతే. నైరోబీ నుంచి సెకెనాని గేటు ఐదారు గంటల దారి. భోంచేసి లేచేసరికి మూడవుతుంది. ఆరింటికి గేటు మూసేస్తారు. ఆ మూడు గంటల కోసం పూర్తి టికెట్టా! బయట బస చేసేవాళ్ళకి నేను చెప్పేది, మొదటి సాయంత్రం క్యాంపులోనే కాళ్ళు చాపుకోండి, మర్నాడు ఆరింటికి గేటు దగ్గరుండి సాయంత్రం దాకా లోపలే గడపండి, మధ్యాహ్నానికి డబ్బా కట్టించుకోండి. ఒక్క టికెట్టుకి పన్నెండు గంటలూ దక్కుతాయి.

ఆగస్టులోనే ఎందుకు అంటే, "వలస" అంటారు. లక్షల విల్డిబీస్టులు టాంజానియా సెరెంగెటి నుంచి గడ్డి వెతుక్కుంటూ మారా నదిని దాటి వచ్చేది సుమారు జూలై చివరి నుంచి అక్టోబరు దాకా. గొప్ప దృశ్యమే, కాదనను. కానీ ఏ రోజు దాటుతాయో, ఏ రేవులో దాటుతాయో ఎవరికీ తెలీదు. ఒడ్డుదాకా వచ్చి, గంటలు నిలబడి, వెనక్కి తిరిగిపోయిన మందల్ని చూశాం. కొటేషను మీద "నది దాటడం గ్యారంటీ" అని ఉంటే ఆ ఒక్క మాటకే దాన్ని పక్కన పెట్టేస్తాను. సింహాలు, ఏనుగులు, చిరుతలు ఏడాది పొడుగునా అక్కడే కాపురం. జనవరి, ఫిబ్రవరి పొడి నెలలు, టికెట్టు సగం, ఒక్క సింహం చుట్టూ అన్ని బండ్లూ మూగవు.

టాంజానియా వైపు లెక్క మరోలా ఉంటుంది. అక్కడ రుసుముల మీద 18 శాతం పన్ను. సెరెంగెటి టికెట్టు 70 డాలర్లని కొటేషను రాస్తే, అది పన్నుతోనా, పన్ను కాకుండానా అని అడగాలి. పన్ను వేస్తే 82 దాటుతుంది. గోరోంగోరో బిలంలోకి దిగడానికి మనుషుల టికెట్లు కాక బండికి వేరే రుసుముంది, పన్నుతో 295 డాలర్లు. ఇద్దరే వెళ్తే మనిషికి దాదాపు 150, ఆరుగురు వెళ్తే 50 లోపు. ఆరుగుర్ని ఒక బండిలో కూర్చోబెట్టి, ఇద్దరికి చెప్పిన ధరే తలకి వసూలు చేస్తే ఆ తేడా ఎవరి జేబులోకి పోయినట్టు? ఇంకొకటి. మారా, సెరెంగెటి పటంలో ఆనుకునే ఉంటాయి గానీ ఆ సరిహద్దులో యాత్రికుల బండ్లకి దారి లేదు, 1977 నుంచి మూతే. ఇసెబానియా మీదుగా చుట్టు తిరిగి రావాలి, ఒక పగలంతా దానికే. "పొద్దున్న మారా, మధ్యాహ్నం సెరెంగెటి" అన్నవాడు ఆ దారిన ఎప్పుడూ వెళ్ళలేదని అర్థం.

ఆరుషా ఊళ్ళో గడియార స్తంభం దగ్గర బస్సు దిగగానే చేతిలో ఫైలు పట్టుకుని వెంటపడే కుర్రాళ్ళని అక్కడివాళ్ళు ఫ్లైక్యాచర్లు అంటారు. రేపు బయల్దేరే బండిలో రెండు సీట్లున్నాయి అంటారు. నిజంగానే ఉండొచ్చు. కానీ రోడ్డు మీద చేతికి డబ్బిచ్చేశాక కంపెనీ ఎక్కడుందో వెతుక్కోవడం మన వంతు. టాంజానియాలో టూరు నడిపేవాళ్ళకి, వాడుకలో టాలా అని పిలిచే టూరిజం లైసెన్సు ఉండాలి. కెన్యాలో టూరిజం రెగ్యులేటరీ అథారిటీ లైసెన్సు ఇస్తుంది, కేటో అనే టూరు ఆపరేటర్ల సంఘం సభ్యుల జాబితా ఎవరైనా చూసుకోవచ్చు. లైసెన్సు కాగితం మీదున్న కంపెనీ పేరూ, డబ్బు పంపమన్న బ్యాంకు ఖాతా పేరూ ఒకటేనా అన్నది చూడండి. మనిషి పేరు మీదున్న ఖాతాకి పంపమంటే నేను పంపను, వాడు తెలుగువాడైనా సరే. "మనవాడు" అంటే తరచూ మధ్యలో ఇంకో కమీషను మనిషి అని అర్థం. ఊళ్ళో ఏజెంటు, వాడి పైన ముంబైలో ఒకడు, ఆ పైన నైరోబీ కంపెనీ. బండి మాత్రం ఒకటే.

ఇక దారి. నైరోబీ దాటాక లిమురు ఎత్తు మీంచి రిఫ్ట్ లోయ కనిపించేచోట అందరు డ్రైవర్లూ ఆపుతారు. ఎదురుగా లాంగొనాట్ కొండ. ఫొటోలు తీసుకోవాల్సిన చోటే. తరవాత నారోక్ దారిలో "శుభ్రమైన మరుగుదొడ్లు" అంటూ ఒక పెద్ద బొమ్మల దుకాణం దగ్గర ఇంకోసారి ఆపుతారు. మరుగుదొడ్డి శుభ్రంగానే ఉంటుంది, దాని ఖరీదు దుకాణం బొమ్మల్లో ఉంటుంది. అక్కడ మనం కొన్నదాంట్లో డ్రైవరుకి వాటా ముడుతుందన్నది ఇక్కడ అందరికీ తెలిసిన సంగతే. నల్ల చెక్క శిల్పం అని చూపించేది చాలాసార్లు బూటు పాలిష్ పట్టించిన మామూలు కర్ర. తడిబట్టతో అడుగున రుద్దితే చేతికొస్తుంది రంగు. నైరోబీలో శుక్రవారం విలేజ్ మార్కెట్లో జరిగే మసాయి సంతలో ధర ఇంతకంటే నయం. కాకపోతే అక్కడ బుట్ట పట్టుకుని వెంట తిరిగే దళారీ ఉంటాడు. "నచ్చినవన్నీ ఇందులో వెయ్యండి, చివర్లో లెక్క చూద్దాం" అంటాడు. చివర్లో లెక్క ఎప్పుడూ మనవైపు ఉండదు. ఒక్కో వస్తువుకీ అమ్మే మనిషితోనే ధర తేల్చుకుని, అక్కడే డబ్బిచ్చి ముందుకి నడవాలి. "హపానా, అసాంటే", అంటే వద్దు, థాంక్స్ అని, నవ్వుతూ చెబితే దళారీ మరీ పట్టుబట్టడు.

కార్డు గీస్తే మిషను మీద డాలర్లా, రూపాయలా, షిల్లింగులా అని అడుగుతుంది. షిల్లింగులే నొక్కండి. మిగతావాటికి మారకం రేటు అంగడివాడి బ్యాంకు ఇష్టం.

మసాయి పల్లె చూపిస్తామని మనిషికి 20, 30 డాలర్లు అడుగుతారు. దూకుతూ ఆడే ఆట, నిప్పు రాజెయ్యడం, ఆ తరవాత వరసగా పూసల బల్లలు. నాకు దాని మీద రెండు మనసులున్నాయి. ఆ డబ్బు పల్లెకి పూర్తిగా చేరితే సంతోషంగా ఇస్తాను, వాళ్ళ భూమి మీదే కదా మనం తిరుగుతున్నది. చేరేది కొంతే, మిగతాది డ్రైవరు దగ్గరో మధ్యవర్తి దగ్గరో ఆగుతుందన్న ఆరోపణ ఏళ్ళుగా ఉంది. అందుకని డ్రైవరు చేతికి ఇవ్వకుండా పల్లె పెద్ద చేతికే ఇస్తాం, అందరి ఎదుటా.

చుట్టాలు నన్ను ఇబ్బంది పెట్టే కోరిక ఇంకోటుంది. ఇక్కడ నివాసం ఉన్నవాళ్ళకి టికెట్టు చాలా తక్కువ. "నీ కార్డు మీద మాకూ కొనెయ్యవే" అంటారు. గేటు దగ్గర ఒక్కొక్కరి పాస్‌పోర్టూ, కార్డూ చూస్తారు. ఇదే పని కొందరు డ్రైవర్లు చాటుగా చేసిపెడతామంటారు, మిగిలినదాంట్లో సగం తనకిమ్మంటారు. దొరికితే అడవి మధ్యలో నిలబడేది మనం, పక్కకి తప్పుకునేది వాడు. సింహం దగ్గరికి దారి దిగి తీసుకెళ్తాను, కాస్త చూసుకోండి అనేవాడూ ఈ జాతే. రిజర్వులో బాట వదిలి బండి నడపడం నిషేధం.

ఇల్లు కదలకముందు రెండు విషయాలు. 2024 నుంచి కెన్యాకి వీసా బదులు ఈటీఏ అనే ముందస్తు అనుమతి తీసుకోవాలి, సర్కారు రుసుము 30 డాలర్ల చుట్టూ. గూగుల్లో వెతికితే ముందు వచ్చేవి చాలావరకు నడిమి సైట్లు, అచ్చం సర్కారు సైటులానే ఉండి రెండు మూడింతలు గుంజుతాయి. చిరునామా చివర "డాట్ జీఓ డాట్ కేఈ" ఉంటేనే అసలుది. రెండోది పసుపు జ్వరం టీకా. హైదరాబాదులో నారాయణగూడ ఐపీఎంలో వేస్తారు, ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, ఆ కార్డు జీవితాంతం చెల్లుతుంది. టీకా లేకుండా కార్డు మాత్రం ఇప్పిస్తామనేవాళ్ళ జోలికి పోవద్దు. కార్డు లేకుండా ఇక్కణ్ణుంచి ఇండియాలో దిగితే 6 రోజుల దాకా క్వారంటైనులో ఉంచొచ్చు.

బాబాయి చివరికి ఆగస్టు మానుకుని ఫిబ్రవరికి మార్చాడు. కొత్త కొటేషన్లో టికెట్టు, బండి, క్యాంపు వేరువేరు వరసల్లో ఉన్నాయి, తలకి 590. అంతా సరిపోయింది గానీ డ్రైవరు టిప్పు అన్న గీత చూసి మళ్ళీ ఫోను చేశాడు. "రోజుకి 15 డాలర్లా? టిప్పు ఎందుకే, జీతం లేదా?"

"బండి మొత్తానికి 15, తలకి కాదు. చీకటితో లేచి మీకు చిరుతని వెతికిపెట్టేది అతనే. అక్కడ మాత్రం బేరం ఆడకు బాబాయ్."