నలుగురిలో మనిషి

హైదరాబాదు పాతబస్తీకి దక్షిణాన, చాంద్రాయణగుట్ట దగ్గర బార్కస్ అనే పేట వున్నది. ‘బ్యారక్స్’ అనే మాటే జనం నోట నలిగి బార్కస్ అయింది. నిజాం సైన్యంలో కొలువు చేయడానికి అరేబియా దక్షిణ తీరాన వున్న హద్రమౌత్ ప్రాంతంనుంచి వచ్చిన అరబ్బుల నివాసాలు ఇక్కడ వుండేవి. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసిన తర్వాత ఆ దళాలు పోయాయి. సైనికుల సంతతివారు మాత్రం ఇక్కడే నిలిచిపోయారు.

ఈ వీధుల్లో తిరిగేవారికి ముందుగా కంటబడేవి పురుషుల లుంగీలు. హద్రమౌత్‌లోనూ అటువంటి కట్టే వున్నది. తరాలు గడిచినా లుంగీ పోలేదు. భాష విషయంలో అట్లా జరగలేదు. పేటలో ఎక్కువగా వినిపించేది ఉర్దూ. ఒకే జనం ఒక అలవాటును నిలుపుకొని, మరొకదాన్ని వదులుకోవటం ఎందువల్ల? చరిత్ర కారణాలు అనేకం వుండవచ్చు. ఒక్కటి మాత్రం తేలికగా వూహించవచ్చు. బజారులో, బడిలో, కచేరీలో మాట్లాడవలసింది నగరమంతటితోనూ. సాయంత్రం ఇంటిముందు కట్టుకొనే బట్టను చూచేవారు ఇరుగుపొరుగువారే.

బార్కస్ మండీ భోజనానికికూడా పేరు పొందింది. ఒక పెద్ద పళ్ళెంలో అన్నమూ మాంసమూ వడ్డిస్తారు. నలుగురైదుగురు చుట్టూ కూర్చొని తింటారు. మొదటిసారి వచ్చిన అతిథి తన విస్తరి ఏదని కాసేపు దిక్కులు చూస్తాడు. తర్వాత పక్కవారిని చూచి, తన వైపున్న అన్నంలో తానూ చేయిపెడతాడు. అతనికి ఎవరూ పాఠం చెప్పలేదు. తెలియనిచోట తెలిసినవారిని అనుసరించటం వివేకమే కదా!

1932లో ఆర్థర్ జెన్నెస్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఒక సీసానిండా గింజలు పోసి, అవి ఎన్ని వుంటాయో విద్యార్థులను విడివిడిగా అడిగాడు. తర్వాత వారిచేత కలిసి చర్చింపజేసి, మళ్ళీ విడిగా అడిగాడు. రెండవసారి చాలామంది అంచనాలు గుంపు చెప్పిన అంకెవైపు జరిగాయి. గింజల లెక్క ఎవరికీ తెలియదు కనుక ఇందులో ఆశ్చర్యం లేదు.

కాని తన కంటికి స్పష్టంగా కనబడే సంగతిలోకూడా మనిషి నలుగురివెంట పోతాడా? 1950 ప్రాంతంలో సాలమన్ ఆష్ అనే శాస్త్రజ్ఞుడు దీనిని పరీక్షించాడు. ఒక అట్టమీద ఒక గీత, మరొక అట్టమీద మూడు గీతలు వుంటాయి. మొదటి గీతతో సమానమైనది ఏదో ఒక్కొక్కరే పైకి చెప్పాలి. గదిలో వున్నవారిలో ఒక్కడే నిజమైన పరీక్షార్థి. మిగతావారు ముందే ఏర్పాటయినవారు. మొత్తం 18 సార్లలో 12 సార్లు వారు ఏకకంఠంగా తప్పు చెప్పారు. ఒంటరిగా అడిగితే నూటికి ఒక్క తప్పయినా రాని ఈ పనిలో, గుంపు మధ్య నూటికి దాదాపు 37 జవాబులు గుంపువెంట తప్పిపోయాయి.

పుస్తకాలు సాధారణంగా ఇక్కడ ఆగిపోతాయి. అది న్యాయం కాదు. మిగిలిన 63 జవాబులు సరైనవే. నలుగురిలో ఒకరు ఒక్కసారికూడా లొంగలేదు. లొంగినవారిలో కొందరు తమ చూపునే శంకించుకొన్నారు. కొందరు తప్పని తెలిసీ, వేరుగా కనబడటం ఇష్టంలేక తలవూపారు.

ఎదురు చెప్పేది ఒక్కడే అయితే ప్రభావం లేనట్లే. ఇద్దరయితే తప్పులు నూటికి 14 దాకా, ముగ్గురయితే 32 దాకా పెరిగాయి. గుంపును ఇంకా పెంచినా పెద్ద తేడా లేదు. ఇంతకంటే విశేషమైనది మరొకటి: గుంపులో ఒక్కడు నిజం పలికితే చాలు, పరీక్షార్థి తప్పులు నాలుగోవంతుకు పడిపోయాయి. బార్కస్ కుర్రవాడు లుంగీతో నగరం నడిబొడ్డుకు ఒంటరిగా వెళ్ళటానికి జంకవచ్చు. పక్కన మరొక లుంగీ వుంటే ఆ జంకు తగ్గదా?

జవాబును పైకి చెప్పక, కాగితంమీద వ్రాయనిచ్చినప్పుడుకూడా తప్పులు బాగా తగ్గాయి. ఉపాధ్యాయులు గమనించవలసిన సంగతి ఇది. “అర్థమయిందా?” అని అడగగానే తరగతి అంతా “అయింది సార్” అంటుంది. అర్థంకాని పిల్లవాడూ ఆ కేకలో గొంతు కలుపుతాడు. అదే ప్రశ్నకు పేరు లేని చీటీమీద జవాబు అడిగితే వచ్చే ఫలితం వేరుగా వుండవచ్చు.

తరగతిలో దీనిని పరీక్షించటానికి ఒక గాజుసీసా, చింతగింజలు చాలు. మొదట అందరిచేతా అంచనాలను చీటీలమీద వ్రాయించి తీసుకోవాలి. తర్వాత వరుసగా పైకి చెప్పమనాలి. మొదటి నలుగురికి ముందే రహస్యంగా చెప్పి, చాలా పెద్ద అంకెలు పలికించాలి. చీటీల అంకెలను, నోటి అంకెలను నల్లబల్లమీద పక్కపక్కన వ్రాసి సరాసరి కట్టించండి. ఆ నలుగురికి ముందే చెప్పివుంచిన సంగతి గంట కొట్టేలోపలే తరగతికి తెలియజేయాలి. లేకుంటే వెక్కిరింతలు వారి వెంట ఇంటిదాకా పోతాయి.